మాగినవాళ్ళ దేశం

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో, రసాల కోత సగంలో ఉండగా, మా అమ్మాయి ఉమ కొడుకు పోయాడు. వాడికి ఏడో నెల. రెండు రోజులు విరేచనాలు. మూడో రోజు పొద్దున్న కట్టాయి, గండం గడిచిందనుకున్నాం. మధ్యాహ్నానికి పోయాడు.

నా పేరు వీరరాఘవయ్య. నూజివీడులో మామిడి వ్యాపారం. పూత మీద తోటలు గుత్తకి పట్టడం, కాయ దిగాక గంపలకెత్తి స్టేషనుకి తోలడం, కొంత సరుకు ఇంటి వెనక పాకలో వరిగడ్డి పరిచి మాగవేసి పండుగా అమ్మడం, ఇదీ నా బతుకు. దేన్ని చూసినా ఎంత పెడితే ఎంత వస్తుంది అనే తప్ప వేరే చూపు నాకు లేదు. గొప్పకి చెప్పడం లేదు, సిగ్గుపడీ చెప్పడం లేదు. ఆ మధ్యాహ్నం ఏడుస్తూనే ఉన్నాను, వాకిట్లో కట్టి ఉన్న బళ్ళలో కాయ ఆ ఎండకి ఎంతసేపు ఆగుతుందో కూడా చూసుకుంటూనే ఉన్నాను.

పళ్ళు రాని బిడ్డని మాలో కాల్చరు, మట్టికిస్తారు. తల్లిని వెంట రానివ్వరు. ముసునూరు దారిలో నేను పట్టిన తోటలో కాపలా ఉండే ఇన్నయ్య గొయ్యి తీశాడు. నేనూ, మా అల్లుడు గంగరాజూ వెళ్ళి పెట్టి వచ్చి, నూతి దగ్గర స్నానాలు చేసి ఇంట్లోకి వెళ్ళాం. ఉమ ఏమీ అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఉమ మాట్లాడటం మానేసింది. ఏడవనూ లేదు. పెరటి వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. పిలిస్తే చూసేది, కంచం పెడితే కలిపేది. నేను ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టేవాణ్ణి. ఒక రోజు నాలుగు. ఒక రోజు మూడు. డాక్టరు వచ్చి గుండె, ఊపిరి, నాలుక చూసి ఒంట్లో ఏమీ లేదన్నాడు. ఉంగుటూరు నుంచి పదిహేను రోజులకోసారి గంగరాజు వచ్చేవాడు. మంచివాడు. భార్య పక్కన ఒక గంట కూర్చుని, కోళ్ళ సంగతీ వరినాట్ల సంగతీ తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పి, మా ఆవిడ సత్యవతి పెట్టిన కాఫీ తాగి, బండి కట్టుకుని వెళ్ళిపోయేవాడు. గుమ్మం దాటాక నాకేసి చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

పసివాడు పోయాడు, అది తెగిపోయిన బేరం. ఇప్పుడు చేతిలో ఉన్నది ఉమ. రోజుకి మూడు ముద్దల మీద మనిషి ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఆమెను ఎలాగైనా నిలబెట్టుకోవాలి. ఆ ఏడాది నాకున్న పని అదొక్కటే.

ఉమకి చిన్నప్పుడు చదువు చెప్పిన లీదియా టీచరుగారు ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చేవారు. ఓదార్పు మాటలు ఆవిడకి చేతకావు. పాత పత్రికలు తెచ్చి, అందులో కథలు పైకి చదివేవారు. ఒక ఆదివారం ఒక రాజకుమారుడి కథ చదివారు. శత్రువులు అతన్ని చంపేస్తారు. మాంత్రికుడొకడు వచ్చి కమండలంలో నీళ్ళు చల్లుతాడు. రాజకుమారుడు నిద్రలేచినట్టు లేచి కూర్చుంటాడు.

"ఎందుకు లేచాడు?" అంది ఉమ.

నలభై రోజులకి అది మొదటి మాట. వంటింట్లో సత్యవతి చేతిలో గరిటె ఆగిపోయింది. టీచరుగారు తడబడి, మంత్రం వల్లనమ్మా అన్నారు.

"నీళ్ళు చల్లితే లేచేటట్టయితే అందరి మీదా చల్లొచ్చు కదా. ఆ కోటలో సైనికులు అంతమంది చచ్చారు. వాళ్ళ మీద చల్లలేదేం? నీళ్ళు చాలకనా? ఒక పద్ధతీ పాడూ లేదు టీచర్ ఇందులో."

నేను పక్కనే కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తున్నాను. ఆ మాట నాకు నచ్చింది. కూతురన్న సంగతి పక్కన పెట్టి, బజార్లో ఎవరో న్యాయమైన మాట అన్నట్టు జవాబిచ్చాను. అవునమ్మా, ఖరీదు లేకుండా దొరికే సరుకు ఎక్కడా లేదు, ఆ రాసినవాడికి వ్యవహారం తెలియదు అన్నాను. ఉమ నాకేసి తిరిగింది. చాలా రోజుల తరవాత నన్ను ఎవరో చూసినట్టనిపించింది.

"అయితే ఎంత ఉండాలి నాన్నా?"

అక్కడ మొదలైంది. మర్నాడు టీచరుగారు రూళ్ళు లేని నోటుబుక్కులు నాలుగూ, రెండు పెన్సిళ్ళూ ఇచ్చి పంపారు. ఉమ ఒక దేశాన్ని తయారుచేయడానికి కూర్చుంది. ఎక్కడా లేని దేశం. ఒక ఏరు, ఏటికి ఇవతల బతికున్నవాళ్ళ ఊళ్ళు, అవతల పోయినవాళ్ళు. అక్కడ పోయినవాళ్ళు తిరిగి రాగలరు. అయితే ఊరికే రారు. ఎవరు రావచ్చు, ఎలా వస్తారు, వచ్చి ఎన్నాళ్ళుంటారు, పిలిచినవాళ్ళు ఏమివ్వాలి అనేవి కథ రాయకముందే తేలాలంది. అవి తేల్చడానికి నన్ను పిలిచేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో చాప వేసి కూర్చునేవాళ్ళం.

మొదట, పిలిచే మనిషి తల వెంట్రుక ఒకటి ఇస్తే చాలని రాసుకుంది. అది విని నవ్వాను.

"అంత చౌకైతే మీ దేశంలో ఒక్కడూ చచ్చి ఊరుకోడమ్మా. అత్తగార్లందరూ లేచి వచ్చేస్తారు. పొలాలకి చోటుండదు."

ఉమ కూడా నవ్వింది. పెదవి ఒక పక్కకి పోయింది, అంతే. ఆ రోజు ఆరు ముద్దలు తిన్నది.

పిలిచినవాడు తన రోజులే ఇవ్వాలని నేనన్నాను. వచ్చినవాడు ఉండే ఒక్కొక్క రోజుకి పిలిచినవాడి ఆయుష్షులో ఏడాది. ఉమ చాలాసేపు పెన్సిలు కొరుకుతూ ఆలోచించి ఒప్పుకుంది. అలాగైతే డబ్బున్నవాళ్ళు లేనివాళ్ళ ఏళ్ళు కొనుక్కుంటారు, మధ్యలో దళారులు బయల్దేరతారు అని నేను హెచ్చరించాను. ఆ ఏడు నైజాంలో అల్లర్లకి భయపడి హద్దు దాటి వచ్చిన కుటుంబాలు మా తోటల్లో గోనెపట్టాలు కట్టుకుని ఉండేవి. దినం కూలికి ఎంతకైనా దిగేవాళ్ళు. వాళ్ళని చూస్తుంటే నాకు ఆ ఊహ వచ్చింది. ఎవరి ఏళ్ళు వాళ్ళే ఇవ్వాలి, ఇంకొకరివి చెల్లవు అని ఉమ ఒక నియమం రాసి కింద గీత గీసింది.

లేచి వచ్చేవాళ్ళ పేరు మాగినవాళ్ళు. అది నా వ్యాపారంలోంచి తీసుకుంది. కాయ చెట్టు నుంచి తెగింది కదా, అయినా గడ్డిలో పెడితే పండుతోంది కదా, తెగడమూ చావడమూ ఒకటి కాదు నాన్నా అంది. ముప్ఫై ఏళ్ళుగా కాయ మాగవేస్తున్నాను, ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. కాబట్టి ఆ దేశంలో మనిషిని తొమ్మిది రోజులు గడ్డిలో కప్పి తలుపు మూస్తారు. లేచినప్పుడు ఒంటి రంగు పచ్చబడి ఉంటుంది, దగ్గరికి వెళితే తియ్యటి వాసన వేస్తుంది. అన్నీ గుర్తుంటాయి, పోయిన రోజొక్కటి తప్ప. పండు ఎన్నాళ్ళు నిలవుంటుందో అన్నాళ్ళే ఉంటారు. లేచిన పదో రోజున బొడ్డు చుట్టూ నల్లబడటం మొదలవుతుంది. ఆ నలుపు కనపడితే వాళ్ళే లేచి ఏటి వైపు నడుస్తారు.

వాళ్ళలో రకాలున్నాయి. ఆత్రం పట్టలేక గడువుకి ముందే తలుపు తీస్తే దోరవాళ్ళు లేస్తారు. మాట్లాడతారు గానీ ఎవర్నీ పోల్చుకోరు, ఎప్పుడూ పుల్లగా విసుక్కుంటూ ఉంటారు. గడ్డి ఎక్కువై ఉడుకెత్తితే ఉడికినవాళ్ళు. పైకి బంగారంలా ఉంటారు, లోపల చెడిపోయి ఉంటారు, పక్కన పడుకున్నవాణ్ణి కూడా చెడగొడతారు. ఊళ్ళో అందరికీ భయం వీళ్ళంటేనే. ఒక్కొక్కరికీ పెన్సిలుతో బొమ్మ వేసింది. ఉడికినవాడి బొమ్మ ఎంత అందంగా వేసిందంటే, సత్యవతి చూసి ఎవరీ పెళ్ళికొడుకు అంది.

సత్యవతికి ఈ వ్యవహారం మొదట్నుంచీ నచ్చలేదు. ఇంట్లో చావు జరిగి మూడు నెలలు కాలేదు, తండ్రీ కూతుళ్ళు చాప వేసుక్కూర్చుని దయ్యాలకి కాళ్ళెన్నో తేలుస్తున్నారని చుట్టుపక్కల చెప్పుకుంటారని గొణిగేది.

"దయ్యాలు కాదమ్మా, మాగినవాళ్ళు" అంది ఉమ.

"ఎవరైతే నాకేంటి. వాళ్ళకి కూడా వండమంటే మాత్రం నా వల్ల కాదు."

"వాళ్ళకి ఆకలుండదమ్మా."

"ఆకలి లేనిదాన్ని ఒకదాన్ని సాకుతూనే ఉన్నాగా" అని సత్యవతి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి రెండు గిన్నెల్లో సేమ్యా పాయసం తెచ్చి మా మధ్య పెట్టి, అయితే ఆ ఏటి అవతల ఆడవాళ్ళు వంటా వార్పూ లేక పొద్దెలా పుచ్చుతారే అని అడిగింది. ఉమ అది కూడా రాసుకుంది.

ఇంక మంత్రం మిగిలింది. పిలిచేవాడు ఏం చదవాలి, ఎలా పిలవాలి? అప్పుడు నేను గుడ్డ కింద బేరం సంగతి చెప్పాను. మా బజార్లో పెద్ద బేరాలు నోటితో జరగవు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని కుడిచేతులు కలుపుతారు, వాటి మీద తువ్వాలు కప్పుతారు. వేళ్ళు పట్టుకుని, అరచేయి నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. నోరు మాత్రం ఊరుకోదు. నష్టమండీ, మునిగిపోయానండీ, పిల్లలు గలవాణ్ణండీ అని పైన ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, వినేవాళ్ళూ ఏమీ అనుకోరు. గుడ్డ కింద మాత్రం వేలు అబద్ధమాడకూడదు. ఒక్కసారి ఆడినవాడితో ఆ పైన ఎవరూ గుడ్డ పరవరు. చేయి వెనక్కి తీసుకుంటే బేరం లేనట్టే. ముప్ఫై ఏళ్ళలో పట్టిన వేలు వదిలి మాట మార్చింది లేదని నేను కొంచెం గొప్పగానే చెప్పుకున్నాను.

ఉమ ఆ పూట నోటుబుక్కు వదల్లేదు. ఆ దేశంలో మంత్రాలు తీసేసింది. ఏటి ఒడ్డున కాటా మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. వాడికి నోరు లేదు, చెవి లేదు. ఏడిస్తే వినడు, పొగిడితే వినడు. ఒక్క చేయి మాత్రం గుడ్డ కింద పెట్టి ఉంచుతాడు. వెళ్ళి ఆ చేయి పట్టుకుని, ఎన్నేళ్ళిస్తారో వేళ్ళతో చెప్పాలి.

"పది రోజులకి కాకుండా, మనిషి నిండా బతకాలంటే?" అని అడిగింది.

"నిండు బతుక్కి నిండు బతుకే ఇచ్చుకోవాలి" అన్నాను. తూకం సరిగ్గా కుదిరిందని సంతోషం కూడా వేసింది.

ఆ ఆదివారం ఉమ ఇదంతా లీదియా టీచరుగారికి చదివి వినిపించింది. ఆవిడ శ్రద్ధగా విని, మా నమ్మకంలో పోయినవాళ్ళందరూ లేస్తారమ్మా, ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు అన్నారు.

"ఎవరో ఒకరు ఇచ్చుంటారు టీచర్."

"ఇచ్చారు. అందరి తరపునా ఒకాయనే ఇచ్చేశారు."

"పసివాళ్ళ తరపున కూడానా?"

"వాళ్ళ తరపునే ముందు" అన్నారు టీచరుగారు. ఉమ పెన్సిలు పట్టుకుని కూర్చుంది గానీ అది రాసుకోలేదు.

కార్తీకం నాటికి కంచంలో పెట్టింది తినేస్తోంది. తల తనే దువ్వుకుంటోంది. గంగరాజు వస్తే అతనికీ దేశం సంగతులు చెప్పేది. అతను ఉడికినవాళ్ళ గురించి విని, మా ఊళ్ళో ఇద్దరున్నారని పేర్లతో సహా చెప్పాడు. గుమ్మం దగ్గర నాకేసి చూస్తే తల నిలువునా ఊపాను. ఎండాకాలానికి ఉంగుటూరు పంపొచ్చు అని నా అంచనా.

ఒకటి గమనించాను, గమనించి దాటేశాను. కాల్చినవాళ్ళని పిలవడానికి లేదు, మట్టిలో ఉన్నవాళ్ళనే పిలవొచ్చు అని ఉమ ఒక నియమం పెట్టింది. ఎందుకమ్మా అంటే, కాయ ఉంటేనే కదా నాన్నా మాగేది అంది. అదీ నిజమేనని సాగిపోయాను.

ఆ ఫాల్గుణంలో ఒక సాయంత్రం వడగళ్ళు పడ్డాయి. ముసునూరు దారి తోటల్లో పిందె, లేతకాయ నేలకి దిగిపోయింది. పనికొచ్చేది ఏమైనా ఉంటుందేమోనని ఆరు బళ్ళు వేయించి పాక ముందు కుప్ప పోయించాను. మర్నాడు పొద్దున్న ఆ కుప్ప ముందు కూర్చుని ఏరుతూ ఉన్నాను. ఉమ వచ్చింది. పసివాడు పోయాక పాక వైపు రావడం అదే మొదలు. వంగి ఒక పిందెను తీసుకుని, దాని సొన తుడిచి, అరచేతిలో తిప్పుతూ నిలబడింది.

"వీటిని మాగవేయవా నాన్నా?"

నా మనసంతా ఆ కుప్ప మీదుంది. తోటలో మూడోవంతు కాయ నా కళ్ళ ముందు మట్టికొట్టుకుని పడి ఉంది. తల ఎత్తకుండా చెప్పాను, పనివాళ్ళకి చెప్పినట్టే.

"టెంక కట్టని కాయ ఎన్నాళ్ళు గడ్డిలో పెట్టినా మాగదమ్మా. ముడతలు పడి నల్లబడుతుంది, అంతే. ఎవడెంత ఇచ్చినా పండు కాదు."

కొంచెంసేపయ్యాక తల ఎత్తితే ఉమ లేదు. ఆ పిందె కుప్ప మీద, తీసిన చోటే, జాగ్రత్తగా పెట్టి ఉంది.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, తినకుండానే చేయి కడిగేసుకుంది. సాయంత్రమూ అంతే. మాట లేదు. మర్నాడూ లేదు. ఎండ తగిలిందేమోనని సత్యవతి మజ్జిగలో నిమ్మకాయ పిండి ఇచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం ఉమ పడుకుని ఉండగా నేను నోటుబుక్కులు తెరిచాను. అంతవరకూ ఆమె చదివి వినిపిస్తే వినడమే గానీ నేను చదివింది లేదు.

మూడు నోటుబుక్కులు నేనెరిగినవే. నాలుగోదాంట్లో ఒకే ఒక్క పేజీ రాసి ఉంది. పైన "పసివాళ్ళు" అని పెద్ద అక్షరాలు. దాని కింద మిగతా మూడింటిలోంచి ఏరి తెచ్చిన నియమాలు, ఒకదాని కింద ఒకటి. మట్టిలో ఉన్నవాళ్ళని పిలవొచ్చు. ఎవరి ఏళ్ళు వాళ్ళే ఇవ్వాలి. నిండు బతుక్కి నిండు బతుకు. ఆ కింద తన వయసు, ఇరవై, వేసుకుని, డెబ్బైలోంచి తీసేసి, యాభై అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. ఆ పక్కన చాలునా అని ఉంది. ఆ రాత పాతదే, పెన్సిలు మసకబారింది. అన్నిటికన్నా కింద, కొత్త రాతతో, నేను పాక ముందు అన్న మాట. ఎవడెంత ఇచ్చినా పండు కాదు అన్నదాకా, ఒక్క అక్షరం పోకుండా రాసి ఉంది.

తొమ్మిది నెలలు పక్కన కూర్చుని ఒక్కొక్క రాయీ నేనే అందించాను. ఆమె ఎవరి కోసం కడుతోందో చూడలేదు. ధరలు పెంచుకుంటూ పోయింది నేను. ఆమె ఎంతకైనా ఇస్తాననే కూర్చుంది. చివరికి సరుకే లేదని చెప్పిందీ నేనే, తల ఎత్తకుండా.

సాయంత్రం ఆమె లేచాక వసారాలోకి వెళ్ళాను. ఉమ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది, మొదటి నలభై రోజులూ కూర్చున్నట్టే. ఎదురుగా కూర్చుని, ఆ రోజు చిరాకులో ఏదో అన్నానమ్మా అని మొదలుపెట్టాను. జి. కొండూరులో ఒక షావుకారున్నాడు, కుండల్లో పొగపెట్టి లేతకాయ కూడా మాగవేస్తాడు, నేను కళ్ళారా చూశాను, రంగు కొంచెం తక్కువగానీ తీపికేం లోటు లేదు అన్నాను. అలాంటి షావుకారు లేడు. షావుకారు పేరు కూడా చెప్పాను. కాయ ఎలా పేరుస్తాడో, పొగ ఎన్నాళ్ళు పెడతాడో చెప్పాను. వ్యాపారంలో ఇంతకన్నా పెద్ద అబద్ధాలు నమ్మించినవాణ్ణి.

ఉమ అంతా విన్నది. విని, నా భుజం మీద తువ్వాలు తీసుకుంది. నా కుడిచేయి తన చేతిలోకి తీసుకుని, రెండు చేతుల మీదా తువ్వాలు కప్పింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా."

నా చేయి ఆమె చేతిలో ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, అవునని అర్థం. అది ఎవరికి నష్టం? ఎక్కడా లేని దేశం, ఎక్కడా లేని కాటా మనిషి, అందులో ఒక తండ్రి ఒక్క వేలు నొక్కితే వచ్చే పాపమేంటి? ఇవన్నీ ఒకటి తరవాత ఒకటి ఆలోచించాను. వేలు కదల్లేదు. కదపమని నాలో నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

అప్పుడు ఆమె వేళ్ళు కదిలాయి. నా అరచేయి నిండా పట్టుకుని నొక్కింది. ఐదు. వదిలి మళ్ళీ నొక్కింది. పది. మళ్ళీ. నేను కొత్తవాళ్ళకి బేరం నేర్పేటట్టు తొందర లేకుండా, తడబడకుండా నొక్కుతూ పోయింది. ఇరవై ఐదు. ముప్ఫై. నలభై. పదోసారి నొక్కి ఆపింది. యాభై.

కాదు అనడానికి మాలో గుర్తు లేదు. చేయి లాగేసుకోవడమే. లాగేసుకోలేకపోయాను. అవును అనలేకపోయాను. అలాగే కూర్చున్నాం. తువ్వాలు చెమటకి తడిసింది. సత్యవతి ఏదో అడగడానికి గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, అక్కడే నిలబడిపోయింది.

చివరికి చేయి తీసుకున్నది ఉమే. మెల్లగా, ఒక్కొక్క వేలూ విడదీసుకుని తీసుకుంది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి నా ఒళ్ళో పెట్టింది. ఆ తరవాత ఏడ్చింది. పది నెలల్లో అది మొదటిసారి. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూసేంత గట్టిగా ఏడ్చింది. సత్యవతి పరుగెత్తుకొచ్చి ఒళ్ళోకి తీసుకుని, ఏడువమ్మా ఏడువు అని తనూ ఏడుస్తూ, దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంది. నేను లేచి పాకలోకి వెళ్ళి కాసేపు గడ్డి సర్దాను.

మర్నాడు అన్నం తిన్నాక, చేయి కడుక్కుంటూ అడిగింది.

"బాబుని ఎక్కడ పెట్టారు?"

తల్లికి చూపించకూడదని మాలో పట్టింపు. చోటుకి గుర్తు కూడా పెట్టరు, తల్లి మనసు అక్కడే తిరుగుతుందని. సత్యవతి వద్దని కళ్ళతో చెబుతూనే ఉంది. నేను బండి కట్టించాను.

తోటకి చేరేసరికి మధ్యాహ్నం ఎండ దిగుతోంది. ఇన్నయ్య ఎదురొచ్చాడు. ఎందుకొచ్చామో చెబితే తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ముగ్గురం తూర్పు వరసలోకి నడిచాం. పోయినేడు ఆ వరసలోనే నైజాం నుంచి వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు లేరు, తమ ఊళ్ళకి వెళ్ళిపోయారు. వాళ్ళ పొయ్యిరాళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్నాయి. వానాకాలంలో రెండుసార్లు నాగలి తిరిగిన నేల. అంతా ఒక్కలాగే ఉంది.

నాలుగో చెట్టని నేనన్నాను. ఇన్నయ్య ఇబ్బందిగా కదిలాడు.

"ఐదోదేమోనండీ. తవ్వినప్పుడు వేరు అడ్డమొస్తే ఇటు జరిగాను. గుర్తు పెట్టకూడదన్నారని రాయి కూడా వేయలేదండీ."

"నాలుగోదే. నేను పక్కనే నిలబడ్డాను."

"అయ్యుండొచ్చండీ. మూడోదైనా కావచ్చు."

మా ఇద్దరి మాటలూ వింటూ ఉమ మూడో చెట్టు నుంచి ఆరో చెట్టు దాకా నడిచింది, వెనక్కి వచ్చింది. ఎక్కడా వంగి చూడలేదు. చివరికి ఆ చెట్ల నడిమధ్య, దేనికీ దగ్గర కాకుండా, నేల మీద కూర్చుంది. కొమ్మలు రెండు వైపుల నుంచీ కలిసి పైన గొడుగు పట్టినట్టున్నాయి. వడగళ్ళకి పోగా మిగిలిన కాయ గుత్తులుగా వేలాడుతోంది. చాలాసేపు పైకి చూసింది.

"ఇంత నీడ ఉందనుకోలేదు నాన్నా. ఎండలో పెట్టారనుకున్నాను."

ఇన్నయ్య అటు తిరిగి నిలబడ్డాడు. ఉమ కొంగుకి అంటిన మట్టి దులుపుకోకుండానే లేచి బండెక్కింది.

ఉగాది వెళ్ళాక గంగరాజు వచ్చి ఉంగుటూరు తీసుకెళ్ళాడు. పిల్ల బాగుపడిందని అందరూ అన్నారు. బాగుపడింది. ఇప్పుడు ఉత్తరాలు రాస్తుంది, గేదె ఈనిందనీ, అత్తగారికి కీళ్ళనొప్పులనీ. దేశం సంగతి ఒక్కసారి కూడా రాయలేదు. నోటుబుక్కులు నా దగ్గరే ఉండిపోయాయి. ఒకసారి నేనే ఉండబట్టలేక, కాటా మనిషి గురించి ఒక కొత్త నియమం తట్టిందమ్మా అని రాశాను. జవాబులో, ఎండల్లో తిరగొద్దనీ, సత్తుపిండి పంపుతున్నాననీ ఉంది.

ఆమె వెళ్ళిన నెలకి కోతలు మొదలయ్యాయి. తూర్పు వరసలోకి మనుషులు దిగిన రోజు నేను ఎండలో పడి అక్కడికి వెళ్ళాను. ఒక చెట్టు కాయ వదిలెయ్యమని చెబుదామని వెళ్ళాను. కాయ కోసే చిక్కం పట్టుకున్నవాడు ఆగి, ఏ చెట్టండీ అన్నాడు. నాలుగు చెట్ల వైపూ చూసి, ఏమీ లేదులే, కానివ్వండి అన్నాను. అన్ని చెట్ల కాయా ఒకే కుప్పలో పడింది. గంపలకెత్తి, పైన గడ్డి కప్పి, సాయంత్రానికి పదకొండు బళ్ళు స్టేషనుకి తోలించాను.